పేగుకు పెట్టకండి

శ్రావణ శుద్ధ విదియ

గోడా, రాసుకో. మూడో తెప్ప, అడుగు అంతస్తు, పేగు కాపరి భ్రమరాంబ చెబుతున్నది. పేగు ఈ పూట కూడా భారంగానే ఉంది. మూత తీసి చూస్తే పైన తెల్లగా, మందంగా కొవ్వు పేరుకుంది. దాని మీద సగం బూరె తేలుతోంది. పూర్ణం తినేసి పై తోపు మాత్రం పడేసిన మహాతల్లి ఎవరో నాకు తెలుసు. కానీ పేరు చెబితే రేపు కుళాయి దగ్గర నా మొహం చూడదు.

కాపరి రోజూ పేగు క్షేమసమాచారం వంటింటి గోడకు చెప్పాలి, గోడ దాన్ని రేవు కార్యాలయానికి పంపాలి. అదీ నియమం. రేవులో అది ఎవరు వింటారో నాకింతవరకు అంతుపట్టలేదు. కిందటి మాసం విసుగొచ్చి, పేగు పెళ్ళి చేసుకుని అత్తారింటికి వెళ్ళిపోయిందని చెప్పాను. నమోదైంది, ధన్యవాదాలు అంది గోడ. అప్పట్నుంచి నాకు భయం పోయింది. మనసులో ఉన్నదంతా చెప్పేస్తున్నాను.

ఎప్పుడైనా ఎవరైనా వింటే వాళ్ళ కోసం ఒక మాట. నేల మీద కాపురాలున్న రోజుల్లో వాడిన నీళ్ళు కాలవలో కలిసేవి. ఆ తర్వాత వాటి గతి ఏమిటని మనం అడగలేదు. సముద్రం మీదికొచ్చాక అడగక తప్పింది కాదు. అందుకే ప్రతి తెప్పకూ ఒక పేగును పెంచి అమర్చారు. అది ప్రాణమున్న జీవమే. ఏడో అంతస్తు నుంచి ప్రతి వంటింటి తొట్టి కిందా ఒక నోరు పెట్టుకుంటూ దిగి, నా వంటింటి నేల కింద పొట్టగా చుట్టుకుని ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు తాగి మాకు తాగే నీళ్ళిస్తుంది. ఆ నీళ్ళు నా గుమ్మం పక్క కుళాయిలో వస్తాయి.

మెతుకులు దానికి పడవు. నూనె దానికి విషం. ప్రతి నోటి పక్కనా "పేగుకు పెట్టకండి" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మావాళ్ళు ఆ రాత మీద పసుపు పూసి బొట్లు పెట్టారు. ఇప్పుడు అక్కడ ఏం రాసి ఉందో ఎవరికీ కనబడదు, దండం మాత్రం పెట్టుకుంటారు.

శ్రావణ శుద్ధ చవితి

ఈ రోగానికంతటికీ మూలం నూనె. మేం తెప్పకు వచ్చిన కొత్తలో నాచు తొట్లు సరిగా పండేవి కావు. నాచునూనె కంట్లో వేసే మందులా చుక్కలు లెక్కపెట్టి ఇచ్చేవారు. ఆవాలు చిటపటలాడేలోగా తాలింపు గరిటె ఎండిపోయేది. ఇప్పుడు నాచు విరగపండుతోంది. ఏళ్ళ తరబడి మాడిన కడుపులు కదా, పొద్దున్న లేస్తే ఏడు అంతస్తుల్లోనూ మూకుడే. కాగిన నూనె మళ్ళీ వాడితే ఒంటికి మంచిది కాదని అందరికీ తెలుసు. అందుకని తొట్టిలో ఒంపేస్తారు. పేగుకు మాత్రం ఒళ్ళు లేదా అని ఎవరూ అనుకోరు.

ఒంపడమొక్కటే అయితే తిట్టి మాన్పించేదాన్ని. మావాళ్ళు ప్రేమగా కూడా పెడుతున్నారు. ఆరో అంతస్తు వరహాలమ్మ పిన్ని తెప్పకంతటికీ పెద్దావిడ. ఒకనాడు ఆవిడ గిన్నెలు తోముతుంటే తొట్టి కింద పేగు మూలిగింది. ఆకలేస్తోందేమో పాపమని ఒక గారె వేసింది. కాసేపటికి పేగు తృప్తిగా త్రేన్చింది. జన్మలో ఆవిడ వంటకు మొగుడు కూడా అంత మర్యాద చేయలేదట. ఆ రోజు నుంచి ఆవిడ ఏది వండినా పేగుకు పెట్టనిదే నోట పెట్టుకోదు.

సంగతి మర్నాటికల్లా తెప్పంతా పాకింది. ఆరో అంతస్తు గారె పెట్టిందని అయిదో అంతస్తు ఆవడ పెట్టింది. నాలుగో అంతస్తు కోడలు మా పులిహోరకు రెండుసార్లు త్రేన్చిందని కుళాయి దగ్గర చెప్పుకుంది. మూడో అంతస్తువాళ్ళకు అది కడుపుమంటై నేతి బొబ్బట్లు వేశారు. వద్దని చెప్పిరావడానికి మెట్లెక్కి వెళ్ళాను. నన్ను కూచోబెట్టి నాకూ ఒక ఆకు వేశారు. తిని వచ్చాను. ఏం చెయ్యను, బొబ్బట్లు వెన్నలా ఉన్నాయి.

శ్రావణ శుద్ధ షష్ఠి

పొద్దున్న నా తొట్టిలోంచి నీళ్ళు వెనక్కి తన్నాయి. వంటిల్లంతా జిడ్డు. పై అంతస్తులవాళ్ళు రాత్రి తిన్నవన్నీ వరసగా నా నేల మీద పరుచుకున్నాయి. కాలు జారి వాటి మధ్య కూలబడ్డాను.

కబురు పంపితే రేవు నుంచి పేగుల డాక్టరు గ్లోరీ పడవలో వచ్చింది. చిన్నపిల్లే, కానీ మాట సూటిగా ఉంటుంది. మోచేతుల పైదాకా తొడుగులు వేసుకుని, మూత తీసి, లోపల్నుంచి ఒక కొవ్వు ముద్ద తీసింది. సబ్బుబిళ్ళలా గట్టిపడిన ఆ ముద్దలో కరివేపాకు రెబ్బ చెక్కుచెదరకుండా ఉంది. మీ తెప్పలో ఇంగువ ధారాళంగా వాడతారని అంది.

మూలుగు ఆకలికి కాదని, నొప్పికని చెప్పింది. త్రేన్పు తృప్తికి కాదు, అజీర్తికి. ఇన్నాళ్ళూ అది బాధతో అరుస్తుంటే మేము మారు వడ్డించామన్నమాట.

"మందేమీ లేదా డాక్టరమ్మా?" అన్నాను.

"ఏమీ పెట్టకపోవడమేనండి మందు. ఒక పక్షం రోజులు నూనె బొట్టు, మెతుకు పడకుండా చూడండి. దాని కొవ్వు అదే కరిగించుకుంటుంది. కాదూ కూడదంటే పొట్ట పగిలిపోద్ది."

పొట్ట పగిలితే ముందు మునిగేది నా ఇల్లు. తర్వాత తెప్పకు నీళ్ళుండవు. నీళ్ళు లేని తెప్పను రేవువాళ్ళు విప్పేస్తారు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి తలో కుటుంబాన్నీ పంపేస్తారు. నేను ఊరు మునిగినప్పుడు కొండ మీది డేరాకు వెళ్ళాను. డేరాల నుంచి ఓడకు, ఓడ నుంచి ఇక్కడికి వచ్చాను. ప్రతిచోటా పలకరించే మనుషులు ఏర్పడేసరికి మూట కట్టాల్సి వచ్చింది. ఈ తెప్ప మనుషులు నన్ను విసిగిస్తారు, నిజమే. కానీ జ్వరమొస్తే తలుపు తట్టి చూసేది వీళ్ళే. మళ్ళీ కొత్త ముఖాల మధ్య బతకడం నా వల్ల కాదు. డాక్టరమ్మ వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను.

శ్రావణ శుద్ధ అష్టమి

తెప్ప పెద్ద సోమలింగం గారు సభ పెట్టారు. సమస్య లేకపోతే దిగులుపడిపోయే మనిషి ఆయన. నెలల తర్వాత ఇవాళే ఆయన ముఖం కళకళలాడింది. లంఖణం పరమౌషధమని పెద్దలు ఊరికే అన్నారా అని మొదలుపెట్టి, ఆకలి గొప్పతనం మీద భోజనం వేళ దాటేదాకా మాట్లాడారు. రేపటి నుంచి పేగుకు పస్తు అని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. దాని అమలుకు ఒక సంఘం వేశారు. ఆ సంఘం పని చేస్తోందో లేదో చూడడానికి ఇంకో సంఘం వేశారు.

సభ అయ్యాక అందరికీ మిరపకాయ బజ్జీలు పంచారు. బజ్జీలు వేయించిన నూనె ఏం చేశారని అడిగాను. తొట్టిలో పోశాం, పస్తు రేపటి నుంచి కదా అన్నారు.

శ్రావణ శుద్ధ నవమి

పస్తు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. తీర్మానాన్ని ఎవరూ ధిక్కరించలేదు, అది ఒప్పుకోవాలి. అయితే ప్రతి ఇంటివాళ్ళూ ఒకటే అనుకున్నారు. మిగతా అందరూ మానేశారు కదా, దాని గతేం కాను, మనమైనా రెండు ముద్దలు వేద్దాం అని. అలా అన్ని ఇళ్ళవాళ్ళూ అందరి వంతూ తామే పెట్టేశారు. మామూలు రోజుల్లో కూడా పేగుకు ఇంత తిండి పడలేదు.

సాయంత్రానికి మూలుగు కేకైంది. వరహాలమ్మ పిన్ని విని, దిష్టి తగిలిందని తేల్చింది. అన్ని అంతస్తులవాళ్ళూ అది తింటుంటే చూశారు కదా, తగలదా మరి. గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పింది. తిప్పినవి నిప్పుల్లో వేయాలి. తెప్ప మీద నిప్పు నిషేధం, వంటంతా కరెంటు పొయ్యిల మీదే. అందుకని పేగు నోట్లోనే వేసింది.

గోడా, తెప్ప ఒక పక్కకు ఒరిగింది. నా ఊరగాయ జాడీలు దొర్లుకుంటూ గుమ్మం దాటాయి. పేగు మెలికలు తిరుగుతున్న అదురు నా అరికాళ్ళకు తెలిసింది. డాక్టరు గ్లోరీ పరుగున వచ్చి దానికి మత్తు ఇచ్చింది. నిద్రలో కూడా నీళ్ళు దిగుతాయిగానీ చప్పుడు ఉండదని, కోలుకున్నాక దానంతటదే లేస్తుందని నాకొక్కదానికే చెప్పింది. తాగే నీళ్ళకు అడుగు ట్యాంకులో నిలవ ఉన్నది కుళాయికి కలిపి వాడుకోమంది. ఈసారి మళ్ళీ నూనె పడితే తనను పిలవనక్కరలేదంది.

శ్రావణ శుద్ధ దశమి

ఇవాళ ఒక పని చేశాను. తప్పో ఒప్పో తెలియదు.

పొద్దున్నే వరహాలమ్మ పిన్ని దిగి వచ్చింది. కొంగు చాటున గిన్నె. వరలక్ష్మీ వ్రతం దగ్గరకొస్తోందని పూర్ణాలు వండి చూసిందట, మొదటి వాయి తెచ్చింది. మూత మీద చెవి ఆనించి చాలాసేపు విన్నది. మత్తులో ఉన్న పేగు నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు.

"ఏమే భ్రమరా, ఇది ఏం మాట్లాడట్లేదేంటే?" అంది.

మత్తు సంగతి చెబితే ఏం జరుగుతుందో నా కళ్ళకు కట్టింది. లేచే వేళకు ఆకలిగా ఉంటుందని ఏడు అంతస్తులవాళ్ళూ గిన్నెలతో బారులు తీరుతారు. ఎందుకన్నానో, నోట్లోంచి వచ్చేసింది.

"పోయింది పిన్నీ."

ఆవిడ గిన్నె కింద పెట్టి, నేల మీద చతికిలబడి, సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది.  నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆవిడ కళ్ళు తుడుచుకుని పైకి చూసి, కోడలిని కేకేసింది. మైల వచ్చింది, మూకుడు దింపెయ్యమంది. నా నోరు మూతపడింది.

శ్రావణ శుద్ధ ద్వాదశి

మనిషి కానిదానికి మైల పట్టాలా అని సోమలింగం గారు సభ పెట్టారు. దాని గోత్రమేమిటని ఒకరు, తోబుట్టువులు పక్క తెప్పల్లో ఉన్నారు కదా వాళ్ళు పట్టాలి గానీ మనమేమిటని ఒకరు. వరహాలమ్మ పిన్ని లేచి, మన చేతి ముద్ద తిన్నది మనది కాక ఎవరిదని అడిగింది. 

మైల ఏడు అంతస్తులకూ అంటింది. వ్రతం లేదు, పిండివంటలు లేవు, తాలింపు కూడా లేదు. చప్పిడి పప్పు, ఉడకేసిన కూర, మజ్జిగ. తీర్మానాలకూ సంఘాలకూ లొంగనివాళ్ళు ఒక్క మాటకు మూకుళ్ళు బోర్లించేశారు. ఎవరైనా దొంగచాటుగా వేయిస్తే వాసన పట్టేసి పది గడపలవాళ్ళు దులిపేస్తున్నారు.

కబురు రేవుకు చేరితే తెప్ప విప్పేస్తారని, కర్మకాండ అయ్యేదాకా గుట్టుగా ఉందామని సోమలింగం గారే అన్నారు. నా పని సులువు చేశారు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు. ఎంత మర్యాదస్తురాలు, పెట్టింది కాదనకుండా తినేది అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు తలుచుకుంటున్నారు. ముద్ద ముద్దకూ త్రేన్చేది పాపం అంటున్నారు. నేను తల వంచుకుని బిందె పడుతున్నాను.

శ్రావణ పౌర్ణమి

మూత తీసి చూశాను. తెల్లటి పొర పలచబడింది. అడుగున పేగు గోడలు గులాబీ రంగులో కనిపించాయి. వాటిని అలా చూసి ఎన్నాళ్ళయిందో. సంతోషంతో ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు గోడా.

వరహాలమ్మ పిన్ని సరిగా తినడం లేదట. ముద్ద ఎత్తితే అదే గుర్తొస్తోందట. నన్ను నేను తిట్టుకుంటున్నాను, కానీ నోరు విప్పడం లేదు.

శ్రావణ బహుళ చవితి

ఇంకా ఎవరూ లేవకముందే డాక్టరు గ్లోరీ వచ్చి చూసి, నమ్మలేకపోయింది. ఏం చేశారని అడిగింది. చెప్పాను. కాసేపు నవ్వి, తర్వాత నవ్వు ఆపేసింది. పేగు రేపో ఎల్లుండో లేస్తుందని, లేచాక కడుపు ఖాళీగా ఉన్నందుకు చప్పుడు చేస్తుందని చెప్పింది. ఇకమీదట అది మెల్లగా గుర్రుమంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనట. ఆ చప్పుడు వింటూ ఊరుకోవడం నేర్చుకోవాలి మీరు అంది.

అది ఎలాగో మాత్రం డాక్టరమ్మకూ తెలియదు. రేపే కర్మ. పోయినదాని పేరు మీద ప్రతి ఇంటివాళ్ళూ దానికి ఇష్టమైనది వండి తెస్తారట. బతికే ఉందని చెబితే ఆ సంబరానికి వండుతారు, చెప్పకపోతే దినానికి వండుతారు. ఎటు చూసినా మూకుడే.

శ్రావణ బహుళ పంచమి

గోడా, ఇది మూత మీద కూచుని చెబుతున్నాను. కాస్త గట్టిగా చెప్పాల్సి వస్తోంది, కింద చప్పుడుగా ఉంది.

పోయింది నా వంటింట్లో కనుక కర్మ కూడా ఇక్కడే పెట్టారు. ఇన్నాళ్ళ ఉపవాసం తర్వాత మూకుళ్ళు ఎక్కాయి. గారెలు, బూరెలు, ఆవడలు, నా గుమ్మం నుంచి మెట్ల దాకా మూకుళ్ళూ పళ్ళేలూ. కాగిన నూనెను డబ్బాకెత్తించి రేవు పడవకు ఇవ్వడానికి మాత్రం అందరినీ ఒప్పించగలిగాను. పేగే పోయింది కదా, నూనె ఎక్కడ ఒంపుతారని అడిగితే కాదనలేకపోయారు.

ముందు ముద్ద కాకికి పెట్టాలి. సముద్రం మధ్య కాకి ఎక్కడిది? సోమలింగం గారు ఆలోచించి, పోయినదాని నోటి దగ్గరే పెడదామన్నారు. నేను వద్దనేలోగా మూత ఎత్తేశారు. వరహాలమ్మ పిన్ని ఆకులో అన్నీ సర్ది వంగింది.

లోపల్నుంచి పేగు గుర్రుమంది.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వరహాలమ్మ పిన్ని ముఖం చూడాలి, పుట్టిన బిడ్డ ఏడుపు విన్నట్టు వెలిగిపోయింది. ఆకలేసి లేచిందే అని ఆకు లోపలికి వంచబోయింది. వెనక ఏడు అంతస్తుల చేతులూ పళ్ళేలతో ముందుకొచ్చాయి. నేను ఆవిడ చేయి పట్టుకుని, మూత లాగి మూసి, దాని మీద కూచున్నాను.

"అది పోలేదు పిన్నీ. నేను అబద్ధం ఆడాను. మీరు మూకుడు దింపబట్టి బతికింది. ఇప్పుడు ఒక్క గారె పెట్టారంటే నిజంగా పోద్ది. మనం కూడా తలో దిక్కుకీ పోతాం. నాకు ఇంకో చోటికి పోయే ఓపిక లేదు."

నేను ఏడుస్తున్నానని మాట పూర్తయ్యాక తెలిసింది. సోమలింగం గారు అబద్ధం విషయమై సభ పెట్టాలన్నారు. ఎవరూ వినలేదు. అందరూ వరహాలమ్మ పిన్నినే చూస్తున్నారు.

"ఇన్నాళ్ళూ నా చేత ఏడిపించావా?" అంది ఆవిడ.

"అవును పిన్నీ."

కింద పేగు మళ్ళీ గుర్రుమంది. ఆవిడ ముఖం ముడుచుకుంది.

"ఆకలని అడుగుతుంటే వింటా ఎలా కూచోవడమే?"

"అడుగుతోందంటే బాగున్నట్టంట. మనమే ఓర్చుకోవాలి."

 ఆవిడ ఆకు పక్కన పెట్టి, మూకుళ్ళ వరస వైపు చూసింది. గారెలు తీసేసిన మూకుళ్ళలో అడుగున నూనె, మాడిన పిండి తునకలు. వీటిని కడగాలి, కడిగితే ఆ జిడ్డంతా దాని నోట్లోకే. ఈ సంగతి నాకు తట్టలేదు, డాక్టరమ్మా చెప్పలేదు. వరహాలమ్మ పిన్ని కోపంగా అన్నం తపేలా ఇటు లాక్కుంది. వేడి అన్నం తీసి మూకుట్లో పోసి, ఉప్పు, ఎండుకారం చల్లి, అంచుల వెంట జిడ్డంతా అద్దుతూ కలిపింది. అన్నానికి గారె నూనె వాసన పట్టి, ఎర్రగా నిగనిగలాడింది. ముద్ద చేసి, చెయ్యి చాపమని అడక్కుండానే సోమలింగం గారి నోట్లో కుక్కింది. సభ సంగతి ఆయన మర్చిపోయారు.

ఆ తర్వాత చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. ఎవరి మూకుడు వాళ్ళు తెచ్చి ముందు పెట్టారు. ఆవిడ కలుపుతోంది, తిడుతోంది, పెడుతోంది. ముందు నన్ను తిట్టింది, తర్వాత తన వంటను ఏనాడూ మెచ్చుకోని మొగుణ్ణి, తర్వాత ముద్ద చిన్నదని గునిసిన నాలుగో అంతస్తు కోడలిని. మా మూకుడన్నమే కమ్మగా ఉందని అయిదో అంతస్తు, కాదు మాదని మూడో అంతస్తు అప్పుడే మొదలెట్టేశాయి. కొబ్బరి పీచుతో తుడిచి కడిగితే మూకుళ్ళలోంచి నీళ్ళు నీళ్ళలాగే దిగాయి.

చివరి మూకుడు చివరి ముద్ద నాకు పెట్టింది. నేను మూత మీంచి లేవలేదు కనుక చేతికి తెచ్చి ఇచ్చింది. నా కిందే పేగు గుర్రుమంటోంది. మెల్లగా, మళ్ళీ మళ్ళీ, పెద్దవాళ్ళ కొంగు పట్టి లాగినట్టు. ఇన్నాళ్ళూ వీళ్ళను మూర్ఖులని తిట్టాను. గోడా, నీకు తప్ప ఎవరికీ చెప్పను. మూత కొంచెం ఎత్తుదామా అనిపించింది. ఒక్క ముద్దే కదా, చిన్నదే, నూనె కూడా ఎక్కువ లేదు. వరహాలమ్మ పిన్ని నా ఎదురుగా కూచుని నా చేతి వంకే చూస్తోంది.

నేనే తినేశాను. కారం ఎక్కువైంది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కింద అది ఇంకా అడుగుతూనే ఉంది.